ఏడుగురి లెక్క

ముందుమాట రాయమని ఎవరైనా కాగితాల కట్ట చేతిలో పెడితే నేను ముందుగా చూసేది ఎన్ని పేజీలున్నాయని. కళ్ళజోడు నంబరు పెరిగినవాడికి ఆ జాగ్రత్త తప్పదు. ఈ పుస్తకం చిన్నది, పైగా కబడ్డీ మీద. బేరం లేకుండా ఒప్పుకున్నాను. రాసినవాడు మా బోథ్ అబ్బాయే. నేను పీఈటీగా ఈల మెడలో వేసుకుని తిరిగిన రోజుల్లో వాడు ఏడో తరగతి. లెఫ్ట్ కార్నర్‌లో నిలబెడితే కూతకొచ్చినవాడి కాళ్ళు చూడడం మానేసి నా ముఖం చూసేవాడు. ‘‘సార్, పట్టాల్నా, వద్దా?’’ అన్నట్టుండేది ఆ చూపు. అట్లాంటివాడు పన్నెండు జట్ల లీగ్‌లో ఎవరి కాలు ఎక్కడ పడుతుందో ఇంత వివరంగా రాస్తాడని అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేవాణ్ణి.

ఈ మాటలు రాసింది 2025 ఆగస్టులో, ఆ నెల 29న విశాఖపట్నంలో ప్రో కబడ్డీ లీగ్ 12వ సీజన్ మొదలయ్యే ముందు. ఈ సీజన్‌కు తెలుగు టైటాన్స్‌లో ఎవరెవరున్నారు, ఎవరు ఏ చోట నిలబడతారు, జట్టు ఎంత దూరం పోగలదు అన్నదే ఈ పుస్తకం. దీనికో పుస్తకమెందుకు, పేపర్లో వస్తుంది కదా అనవచ్చు. పేపర్లో వచ్చేది ధర. ఎవరిని ఎన్ని లక్షలకు కొన్నారు, ఎవరు కోటి దాటారు, ఎవరు మిగిలిపోయారు. మే 31న, జూన్ 1న ముంబైలో వేలం జరిగింది మొదలు మా టీ కొట్ల దగ్గర కూడా అదే ముచ్చట నడిచింది. పత్తి విత్తనం ప్యాకెట్ ధర ఎంతని అడిగినంత తేలిగ్గా మనిషి ధర అడుగుతున్నారు. మావాడు ధరలన్నీ పుస్తకం చివర ఒక పట్టికలో పెట్టాడు. మొదటి పేజీలో పెట్టింది కోర్టు బొమ్మ. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, మధ్యగీతకు 3.75 మీటర్ల దూరంలో బాక్ లైన్, దానికి ఒక మీటరు అవతల బోనస్ లైన్. ఆ గీతల వెనక ఏడు చుక్కలు. రెండు కార్నర్లు, రెండు ఇన్‌లు, రెండు కవర్లు, నడుమ సెంటర్. తర్వాతి పేజీలన్నీ ఆ ఏడు చుక్కల గురించే.

ఇంకో పని కూడా చేశాడు. నేను ఈ నాలుగు మాటలు మనసు పెట్టి రాయడానికి కారణం అదే. ఆటగాడికో పేజీ ఇవ్వలేదు, జతకో పేజీ ఇచ్చాడు. లెఫ్ట్ కార్నర్ గురించి చెప్పేటప్పుడు పక్కనున్న ఇన్ గురించీ, ఆ పక్క కవర్ గురించీ చెప్పాడు. రైడర్ గురించి చెప్పేటప్పుడు వాడు ఔటై బయట కూర్చుంటే మళ్ళీ లోపలికి తెచ్చేవాడెవడో చెప్పాడు. మొన్న పొలాల అమావాస్యకు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులేసి, ఊరంతా ఊరేగించాం. దాపల ఎద్దును ఒక్కదాన్నే చూసి సేద్యం ఎట్లా సాగుతుందో చెప్పగల రైతు మా మండలంలో లేడు. వలపల ఎద్దు ఏదని అడుగుతాడు. కబడ్డీలో కార్నర్లను ఇట్లా అడగాలని చాలామంది చదువుకున్న విశ్లేషకులకు ఇంకా తోచలేదు, మావాడికి తోచింది.

బోథ్ నుంచి ఇట్లాంటి పుస్తకం రావడం నాకు వింతగా లేదు. మాది ఆదిలాబాద్ జిల్లాకు ఓ మూల. అటు పోతే మహారాష్ట్ర, ఇటు ఇచ్చోడ వైపు వెళ్తేనే హైవే. పొచ్చెర జలపాతం చూడ్డానికి వచ్చేవాళ్ళు తప్ప బయటివాళ్ళకు మా ఊరితో పెద్దగా పనుండదు. కానీ కబడ్డీకి మా దగ్గర కరువు లేదు. దసరాకో, సంక్రాంతికో, జనవరి 26కో ఏదో ఒక ఊళ్ళో టోర్నమెంటు ఉంటుంది. కిన్వట్ వైపు నుంచి మరాఠీ కుర్రాళ్ళు వస్తారు, గూడేల నుంచి గోండు పిల్లలు వస్తారు, తండాల నుంచి జట్లు వస్తాయి. కోర్టు పక్కన నిలబడితే గంటలో నాలుగు భాషల్లో తిట్లు నేర్చుకోవచ్చు.

మాది నల్లరేగడి. అందులో కోర్టు చేయడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుసు. ఎండకు నెర్రెలు బారుతుంది. నెర్రెలో బొటనవేలు ఇరుక్కుంటే గోరు ఊడుతుంది. వాన పడితే జిగురు. నాలుగడుగులు వేసేసరికి పాదానికి మరో అరికాలంత మట్టి అంటుకుంటుంది. అందుకని ముందు రోజే దున్ని, గడ్డలు ఏరి, వాగు ఇసుక తెచ్చి పోసి, నీళ్ళు చల్లి తొక్కిస్తారు. సున్నంతో గీతలు కొడతారు. సగం ఆట అయ్యేసరికి బోనస్ లైన్ ఎక్కడుందో అంపైర్‌కూ ఆటగాళ్ళకూ వేర్వేరుగా కనబడుతుంది. ఆ గొడవల్లో పెరిగినవాళ్ళం మేము. లైన్ మీద మడమ లేచిందా లేదా అన్నది టీవీలో నాలుగు కోణాల్లో చూపించి తేలుస్తుంటే మాకు ఎంత సుఖంగా ఉంటుందో పట్నం ప్రేక్షకులకు అర్థం కాదు.

టైటాన్స్ పాత కథను పుస్తకం త్వరగానే ముగించింది, అది సరైన పనే. 2014లో లీగ్ మొదలైనప్పటి ఎనిమిది జట్లలో ఇది ఒకటి. రాహుల్ చౌదరి ఆరు సీజన్లు దీనికే ఆడాడు. ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ నుంచి వచ్చినవాడిని మావాళ్ళు సొంతవాడిగానే చూసుకున్నారు. 2015లో సెమీఫైనల్లో బెంగళూరు బుల్స్ చేతిలో 38-39తో ఒక్క పాయింటు తేడాతో ఓడి మూడో స్థానంతో సరిపెట్టుకున్నారు. 2016లో ఫైనల్ హైదరాబాద్ గచ్చిబౌలిలోనే జరిగింది, మన జట్టు మాత్రం సెమీస్‌లోనే ఆగి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ తర్వాత దిగుడే. 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌కి 1.45 కోట్లు పెట్టారు, ఫలితం రాలేదు.

అసలు నొప్పి 8, 9, 10 సీజన్లది. ఎనిమిదో సీజన్‌లో 22 మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు. తొమ్మిదిలో రెండు. పదిలో రెండు. మూడేళ్ళలో 66 మ్యాచ్‌లు ఆడి ఐదు గెలిచి, మూడు సార్లూ అట్టడుగున నిలిచిన జట్టు. ఆ రోజుల్లో మా దగ్గర ఎవడైనా వరసగా ఓడిపోతే ‘‘ఏం రా, టైటాన్స్ అయినవ్’’ అని నవ్వేవాళ్ళు. ఈ పుస్తకం రాసినవాడు ఆ మూడేళ్ళూ ఒక్క మ్యాచ్ వదలకుండా చూశాడట. ఇది అభిమానమో మొండితనమో నేను తేల్చలేను కానీ, పుస్తకంలోని అతి మంచి అధ్యాయం ఆ మూడేళ్ళ నుంచే పుట్టింది.

పదో సీజన్‌కు ముందు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నారు. లీగ్‌లో అప్పటికి ఎవరికీ అంత ధర పలకలేదు. జట్టు మొత్తానికి ఖర్చు పెట్టుకోదగ్గ సొమ్ము 5 కోట్లు. అందులో సగం దాటి ఒక్కడికే పోయింది. పవన్ మోసం చేయలేదు. ఆ సీజన్‌లో రెండు వందలకు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. అయినా జట్టు రెండే గెలిచింది. ఎందుకు?

జవాబు కబడ్డీలోని ఒక చిన్న నియమంలో ఉంది. చూసేవాళ్ళు దాన్ని అంతగా పట్టించుకోరు. ఔటైనవాడు మళ్ళీ లోపలికి రావాలంటే వాడి జట్టు ఎదుటివాళ్ళలో ఒకరిని ఔట్ చేయాలి. అదీ వరస ప్రకారమే, ముందు పోయినవాడు ముందు వస్తాడు. పెద్ద రైడర్ మూడో నిమిషంలో పట్టుబడ్డాడనుకోండి. ఇప్పుడు వాడిని తిరిగి తేవలసింది ఎవరు? మిగిలిన ఆరుగురు. రైడ్‌కు పోయే రెండోవాడు సరిగ్గా లేకపోతే టచ్ రాదు. పట్టేవాళ్ళు సరిగ్గా లేకపోతే ట్యాకిల్ రాదు. ఎదుటి జట్టు కోచ్ కూడా పిచ్చివాడు కాదు. తన రైడర్లకు ‘‘తొందరపడకండి, రెండు ఖాళీ రైడ్లు చేయండి, వాడిని బయటే కూర్చోబెట్టండి’’ అంటాడు. అట్లా నాలుగైదు నిమిషాలు గడుస్తాయి. 40 నిమిషాల ఆటలో నాలుగైదు నిమిషాలు చిన్నవి కావు. ఈలోగా జట్టు ముగ్గురికీ, ఇద్దరికీ పడిపోయి ఆలౌట్ అవుతుంది, ఎదుటివాళ్ళకు ఇంకో రెండు పాయింట్లు. ఆలౌట్ అయ్యాకే పెద్ద రైడర్ లోపలికి వస్తాడు. వచ్చి రెండు పాయింట్లు తెస్తాడు, మనం చప్పట్లు కొడతాం, స్కోరు మాత్రం అక్కడే ఉంటుంది. పవన్ బెంచీ మీద గడిపిన నిమిషాలకు కూడా ఆ 2.60 కోట్లలో వాటా ఉందని మావాడు రాసిన మాట నాకు చాలా నచ్చింది.

అయితే ఆ అధ్యాయంలో పవన్ మీద కొంచెం కరుకుగా రాశాడు. కెప్టెన్‌గా జట్టును నడపలేదని తేల్చేశాడు. అది నాకు ఒప్పుదల కాదు. పట్టేవాళ్ళు లేని జట్టుకు కెప్టెన్ ఏం చేస్తాడు? చాప (మ్యాట్) మీద ఏడుగురున్నప్పుడే కెప్టెన్ మాట పనిచేస్తుంది. ఇద్దరున్నప్పుడు ఎవడైనా ప్రాణాలు కాచుకోవడమే చూస్తాడు. ఈ మాట వాడికి చెప్పాను. ‘‘సార్, మీరు పీఈటీ లెక్క మాట్లాడుతున్నరు, నేను అభిమాని లెక్క రాసిన’’ అన్నాడు. సరే, ఇద్దరి మాటా పుస్తకంలో ఉండనీ అని ఒప్పందానికొచ్చాం. వాడిది లోపల, నాది ఇక్కడ.

పదకొండో సీజన్ నుంచి గాలి మారింది. కోచ్‌గా కృషన్ కుమార్ హుడా వచ్చాడు. 2022 ఫిబ్రవరి 25న దబంగ్ ఢిల్లీ 37-36తో పాట్నా పైరేట్స్‌ను ఓడించి కప్పు ఎత్తినప్పుడు ఢిల్లీ కోచ్ ఈయనే. ఆ ఫైనల్లో అందరూ నవీన్ కుమార్ వైపు చూస్తుంటే, 14 పాయింట్లతో అతనికంటే ఒకటి ఎక్కువ తెచ్చినవాడు విజయ్ మలిక్. హుడా, విజయ్ ఇద్దరూ పదకొండో సీజన్‌కు టైటాన్స్‌లో కలిశారు. సీజన్ మధ్యలో పవన్ గాయపడ్డాడు. పాత టైటాన్స్ అయితే అక్కడితో సంచీ సర్దుకునేది. విజయ్ మోశాడు. ఎగిరి దూకే రైడర్ కాదు, చూడ్డానికి అందమైన ఆట కూడా కాదు. నెమ్మదిగా పోతాడు, బోనస్ తీస్తాడు, చేయి తగిలించి వచ్చేస్తాడు. జట్టు 12 మ్యాచ్‌లు గెలిచి ఏడో స్థానంలో నిలిచింది. మూడేళ్ళలో ఐదు గెలిచినవాళ్ళు ఒక్క ఏడాదిలో పన్నెండు గెలిచారు. ప్లేఆఫ్స్ అందలేదు గానీ మా ఊళ్ళో ఎగతాళి మాట ఆగిపోయింది.

ఇక కొత్త జట్టు. పవన్‌ను వదిలేశారు, తమిళ్ తలైవాస్ 59.50 లక్షలకు తీసుకుంది. విజయ్ మలిక్‌ను మాత్రం ఎదుటివాళ్ళు పాడిన పాటకు సరితూగి 51.50 లక్షలకు తమ దగ్గరే ఉంచుకున్నారు, కెప్టెన్సీ కూడా ఇచ్చారు. రైడింగ్‌కు భరత్ హుడా 81 లక్షలు. డిఫెన్స్‌కు శుభమ్ షిండే 80 లక్షలు. ఈ ముగ్గురికీ కలిపి 2 కోట్ల 12 లక్షల 50 వేలు. నాడు ఒక్క పవన్‌కు పెట్టినదానికంటే సరిగ్గా 48 లక్షలు తక్కువ. మావాడు ఈ లెక్క రాసి కింద వ్యాఖ్య ఏమీ రాయలేదు. రాయకపోవడమే బాగుంది.

శుభమ్ షిండే రైట్ కార్నర్. గత సీజన్‌లో ఫైనల్ దాకా వెళ్ళిన పాట్నా పైరేట్స్ నుంచి వచ్చాడు. లెఫ్ట్ కార్నర్‌లో అంకిత్ పాతవాడే, కవర్‌లో అజిత్ పవార్ కూడా పాతవాడే. కార్నర్ పని ఏమిటో ఒక్కసారి దగ్గరగా చూడండి. రైడర్ బోనస్ కోసం ఒక కాలు గాలిలోకి లేపుతాడు. ఆ క్షణం రెండో కాలు మీద ఒళ్ళంతా ఆని ఉంటుంది. కార్నర్ దూకవలసింది ఆ ఆని ఉన్న కాలి మడమ మీదికి, లేచిన కాలి మీదికి కాదు. అరక్షణం ముందు దూకితే రైడర్ వెనక్కి తగ్గి చేయి తగిలిస్తాడు. అరక్షణం ఆలస్యమైతే వాడు మధ్యగీత వైపు పడతాడు. మడమ దొరికినా అక్కడితో పని అయిపోదు. బలమైన రైడర్ కార్నర్‌ను ఈడ్చుకుంటూనే గీత దాటుతాడు. కవర్ వచ్చి నడుము మీద పడాలి, ఇన్ వచ్చి దారి మూయాలి. కార్నర్ దూకుతాడని కవర్‌కు ముందే తెలియాలి. అరిచి చెప్పే వ్యవధి ఉండదు, కలిసి ఆడిన అలవాటే చెప్పాలి. అంకిత్, అజిత్ ఒక సీజన్ అంతా కలిసి ఆడారు. అటువైపు శుభమ్ కొత్త. వాడి పక్కన ఎవరు నిలబడతారో, వాళ్ళకు ఎన్ని మ్యాచ్‌ల్లో జోడు కుదురుతుందో అన్నదే ఈ సీజన్‌కు అసలు ప్రశ్న. పుస్తకం ఈ ప్రశ్నను సరిగ్గా పట్టుకుంది. నాలుగు వరుస మ్యాచ్‌ల్లో ఒకే కుడి జత ఆడితే నమ్మవచ్చు, మార్చి మార్చి ఆడిస్తుంటే అనుమానించవచ్చు అన్నాడు. నా ఉద్యోగమంతా మండల పోటీల్లో ఈల ఊదిన అనుభవంతో చెబుతున్నాను, ఆ కొలత సరైనది.

భరత్ విషయంలో మాత్రం వాడికీ నాకూ పడలేదు. తొమ్మిదో సీజన్‌లో బెంగళూరు బుల్స్‌కు ఆడి 279 రైడ్ పాయింట్లు తెచ్చినవాడు. ఆ ఏడు అర్జున్ దేశ్వాల్ ఒక్కడే అతనికంటే ముందున్నాడు. పదకొండో సీజన్‌కు యూపీ యోధాస్ 1.30 కోట్లు పెట్టింది, అక్కడ పాత ఊపు కనబడలేదు. ఇప్పుడు 81 లక్షలకు దిగాడు. ధర తగ్గిందంటే పదును తగ్గిందని మావాడి భయం. నాకు ఆ భయం లేదు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, చేయి దూరం పోతుంది, పట్టిన ఇద్దరినీ ఈడ్చుకుని గీతకు చేరగలడు. అట్లాంటివాడికి కావలసింది రైడ్ బరువును సగం మోసే ఇంకొకడు, ఔటైతే తొందరగా లోపలికి తెచ్చే డిఫెన్స్. మొదటిది విజయ్ రూపంలో ఉంది. రెండోది పైన చెప్పిన కుడి జత మీద ఉంది. ధర పట్టికను చివరకు నెట్టినవాడే మళ్ళీ ధర చూసి భయపడడం నాకు తమాషాగా అనిపించింది.

మూడో రైడర్ సంగతి ఇంకాస్త రాయవలసింది. రెండు ఖాళీ రైడ్ల తర్వాత వచ్చే మూడోది ‘డూ ఆర్ డై’. పాయింటు తేకపోతే పోయినవాడే ఔట్. ఈ రైడ్‌కు పెద్దవాళ్ళను ప్రతిసారీ పంపితే వాళ్ళు అలిసిపోతారు, పట్టుబడే ప్రమాదమూ ఎక్కువ. అందుకని తెలివైన కోచ్ ఒక కుర్రవాణ్ణి దీనికే తయారు చేస్తాడు. చేతన్ సాహు లాంటి కుర్రాళ్ళున్నారని పుస్తకం ఒక వాక్యంలో చెప్పి ముందుకు పోయింది. ఆ వాక్యం ఒక పేజీ కావలసింది. ఆఖరి ఐదు నిమిషాల్లో మ్యాచ్‌లు గెలిచేదీ ఓడేదీ ఈ రైడ్ల దగ్గరే.

ఈసారి పద్ధతి కూడా మారింది. ఒక్కో జట్టుకు 18 మ్యాచ్‌లు, గెలిస్తే రెండు పాయింట్లు, ఓడితే ఏమీ లేదు. ఇదివరకు ఏడు లోపు తేడాతో ఓడితే ఒక పాయింటు చేతికొచ్చేది. ఆ ఓదార్పు ఇక లేదు. స్కోరు సమమైతే ఐదేసి రైడ్ల షూటౌట్, అదీ తేలకపోతే గోల్డెన్ రైడ్. ఎనిమిదో స్థానం దాకా ముందుకు పోయే దారి ఉంది. పోయిన సీజన్‌లో ఏడో స్థానంలో ఆగిపోయిన జట్టుకు ఇది చల్లని కబురు. మొదటి ఎనిమిదిలో టైటాన్స్ ఉంటుందని పుస్తకం అంటోంది, నేనూ అంటాను. మొదటి నాలుగులో ఉంటుందా అంటే మావాడు ఉంటుందంటాడు. నేను సెప్టెంబరు నెలంతా చూసి చెబుతాను. విశాఖ తర్వాత జైపూర్, చెన్నై, ఢిల్లీ తిరగాలి. సొంత జనం అరుపులు మొదటి రెండు వారాలకే.

మొదటి మ్యాచే తలైవాస్‌తో. అంటే నిన్నటిదాకా మన కెప్టెన్ అయిన పవన్ ఎదుటివైపు నుంచి కూతకొస్తాడు, పక్కన 1.40 కోట్లు దాటి పలికిన అర్జున్ దేశ్వాల్ ఉంటాడు. వినాయక చవితి 27న, మ్యాచ్ 29న. మా ఊళ్ళో మండపాల దగ్గర ఆ రాత్రి భజన ముందా మ్యాచ్ ముందా అన్న పంచాయితీ ఇప్పటికే మొదలైంది. పెద్దమనిషిగా నన్ను తీర్పు చెప్పమన్నారు. నా తీర్పు ఇక్కడ రాస్తే పుస్తకం అమ్ముడుపోదు.

ఒక సంగతి పుస్తకం దాటవేసింది. జట్టు పేరులో తెలుగు ఉంది, ఏడుగురిలో తెలుగువాడు ఎక్కడ? హర్యానా కుర్రాళ్ళు, మరాఠీ కుర్రాళ్ళు ఆడితే నాకు అభ్యంతరం లేదు. ఆట ఎవరు బాగా ఆడితే వాళ్ళది. కానీ ఢిల్లీ అంచున నిజాంపూర్ అనే ఒక్క ఊరి నుంచి భారత జట్టుకు రాకేష్ కుమార్, మంజీత్ ఛిల్లర్ ఇద్దరూ వచ్చారు. కబడ్డీ మనదే అనుకుంటున్న మనల్ని 2018 ఆసియా క్రీడల సెమీఫైనల్లో ఓడించి ఇరాన్ బంగారు పతకం పట్టుకుపోయింది. వాళ్ళకు కుస్తీ ఉంది, దాన్ని కబడ్డీకి మలుచుకున్నారు. మనకు ఊరూరా కబడ్డీయే ఉంది, దాన్ని దేనికీ మలచలేదు.

కారణాలు నాకు తెలిసినవి చెబుతాను. మా పిల్లలు మట్టిలో ఆడతారు. మట్టిలో కాలు జారుతుంది కాబట్టి కార్నర్ జారి పట్టడం అలవాటు చేసుకుంటాడు. చాప మీద బూటు పట్టేస్తుంది, జారదు. అదే ఊపుతో దూకితే మోకాలు తిరుగుతుంది, మోచేతుల చర్మం లేచిపోతుంది. అండర్-14లో, అండర్-17లో స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) ఆటల్లో జిల్లా దాకా మెరిసిన పిల్లాడు రాష్ట్ర స్థాయిలో మొదటిసారి చాప ఎక్కి పదో నిమిషంలో కుంటుతూ దిగడం నేను కళ్ళారా చూశాను. ఆదిలాబాద్‌లో క్రీడా పాఠశాల ఉంది, ఆశ్రమ పాఠశాలల్లో దమ్మున్న పిల్లలున్నారు, 2024లో సీఎం కప్ పేరుతో గ్రామం నుంచి రాష్ట్రం దాకా పోటీలు పెట్టారు. మంచిదే. మండలానికో చాప కూడా ఉంటే ఆ పోటీలకు ఫలితం దక్కేది. రెండోది ఉద్యోగం. హర్యానా పిల్లాడికి కబడ్డీ అంటే రైల్వే, సర్వీసెస్, పోలీసు కొలువు కళ్ళ ముందు కనబడుతుంది. మా పిల్లాడికి పదో తరగతి తర్వాత కబడ్డీ అంటే దసరా టోర్నమెంటు, గెలిస్తే ఒక షీల్డు. అమ్మానాన్నలు పత్తి ఏరడానికి రమ్మంటే వద్దనడానికి వాడి దగ్గర మాట ఉండదు.

పుస్తకంలో ఆడపిల్లల ప్రస్తావన కూడా లేదు. 2025 మార్చిలోనే టెహ్రాన్‌లో మన అమ్మాయిలు ఇరాన్‌ను దాని సొంత గడ్డ మీద ఓడించి ఆసియా టైటిల్ తెచ్చారు. మా గురుకులాల్లో కూత పెడుతున్న ఆడపిల్లలను చూస్తే ఆ వార్త దూరపు వార్తలా అనిపించదు. ఇది ప్రో కబడ్డీ పుస్తకం కాబట్టి చోటు లేదన్నాడు. అయితే ఇంకో పుస్తకం బాకీ ఉన్నట్టే. ముందుమాట కూడా నేనే రాస్తాను, కళ్ళజోడు సహకరిస్తే.

వాడి తెలుగు గురించి ఒక మాట. కోర్టు పక్కన నిలబడి పక్కవాడికి చెబుతున్నట్టు రాశాడు. రైడ్‌ను రైడ్ అనే అన్నాడు, కూతను కూత అనే అన్నాడు, ‘సూపర్ ట్యాకిల్’కు సంస్కృతం వెతకలేదు. ముగ్గురో అంతకంటే తక్కువమందో మిగిలినప్పుడు పట్టుకుంటే ఒక పాయింటు అదనం అని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు పోయాడు. అక్కడక్కడా కోపం వస్తే బోథ్ యాస బయటపడింది. అచ్చులో దిద్దుతానంటే వద్దన్నాను.

చివర్న పద్దెనిమిది ఖాళీ పట్టికలున్నాయి, మ్యాచ్‌కొకటి. చదివినవాళ్ళు సీజన్ సాగుతుంటే నింపుకోవాలని. మొదట రైడ్ పాయింట్ల గడులే పెట్టాడు. నేను పట్టుబట్టి ట్యాకిల్ గడులు, పెద్ద రైడర్ బయట కూర్చున్న నిమిషాల గడి కూడా పెట్టించాను. ఆ మూడోది నింపడానికి కాస్త ఓపిక కావాలి, ఫోన్లో గడియారం చూసుకుంటూ ఉండాలి. ఒక్క సలహా మాత్రం నాది. పెన్సిల్‌తోనే రాయండి. రివ్యూ అడిగితే పాయింటు అటుది ఇటవుతుంది, పెన్నుతో కొట్టేసిన గడుల్లో నాలుగో మ్యాచ్‌కు ఏం రాశారో మీకే కనబడదు.